పెద్దలకు స్టెయిన్డ్ గ్లాస్ నేర్పడం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

రంగు గాజు ముక్కలను కోసి, సీసపు పట్టీలతోనో రాగి రేకుతోనో కూర్చి కిటికీలు, దీపాల గొడుగులు, వెలుతురులో వేలాడదీసే ఫలకాలు తయారుచేసే కళను పెద్దవారికి నేర్పుతున్నవారు, నేర్పబోతున్నవారు ఈ శీర్షికకు రాసిన లేఖలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను. ఒకే విషయాన్ని అడిగిన లేఖలను ఒక ప్రశ్నగా కలిపాను.

ప్రశ్న: నేను కొన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను కానీ ఎవరికీ నేర్పలేదు. ఉద్యోగాలు చేసుకునేవారికీ, పదవీ విరమణ చేసినవారికీ వారానికి ఒక పూట చొప్పున పది వారాల తరగతి నడపమని అడిగారు. మొదటి రోజే ఏదో ఒక చిన్న వస్తువు చేయించి పంపితే అందరికీ ఉత్సాహంగా ఉంటుందని నిర్వాహకుల అభిప్రాయం. నాకు అది సరికాదనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు: మీ అనుమానమే సరైనది. మొదటి పూటంతా గాజు కోయడానికే కేటాయించండి, అదీ రంగు గాజు కాకుండా మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు తెల్ల గాజుతో. వస్తువు చేయాలన్న ఆత్రం ఉన్నచోట విద్యార్థి చూపు చేతిలోని ముక్క మీద కాకుండా పూర్తయిన బొమ్మ మీదే ఉంటుంది. అప్పుడు విరిగిన ప్రతి ముక్కా నష్టంగా కనిపిస్తుంది. చేయవలసిన వస్తువే లేనప్పుడు విరగడం పాఠంలో ఒక భాగం అవుతుంది.

పెద్దవారి విషయంలో ఇది మరీ ముఖ్యం. మీ ముందు కూర్చునేవారిలో చాలామంది తమ తమ పనులలో ఆరితేరినవారు. వారు తప్పు చేయడం అలవాటు తప్పినవారు కూడా. పది మంది ఎదుట గాజు పగిలితే పిల్లలు నవ్వేస్తారు, పెద్దలు చిన్నబోతారు. అందువల్ల తరగతి మొదలైన పావుగంటలోపే అందరి చేతా కావాలని గాజు విరిపించండి. రక్షణ కళ్లద్దాలు పెట్టించి, పనికిరాని ముక్కలు ఒక్కొక్కరికీ నాలుగైదు ఇచ్చి, అడ్డదిడ్డంగా గీతలు గీసి విరవమనండి. విరిచేటప్పుడు వచ్చే చప్పుడుకు చెవులు అలవాటు పడితే చేతుల్లోని బిగువు సగం సడలుతుంది.

ఆ తరువాత, కట్టర్ నిజానికి ఏం చేస్తుందో వివరించండి. పెద్దలకు కారణం చెబితే చేయి తొందరగా మాట వింటుంది. గాజు కట్టర్ గాజును కోయదు. దాని చివరన ఉండే చిన్న గట్టి చక్రం గాజు పైపొరలో సన్నని బీటను మాత్రమే ఏర్పరుస్తుంది. ఆ బీటకు రెండు పక్కలా పట్టుకుని కిందికి వంచినప్పుడు అది అడుగుదాకా దిగి గాజు రెండుగా విడిపోతుంది. ఈ సంగతి అర్థమైన క్షణం నుంచి విద్యార్థి కట్టర్‌ను కత్తిలా నొక్కడం మానేస్తాడు. ఎక్కువగా నొక్కితే గీత వెంట తెల్లని పొడి, పెళుసు పెచ్చులు లేస్తాయి, విరుపు దారి తప్పుతుంది. సరైన ఒత్తిడితో గీసిన గీత వెంట్రుకలా సన్నగా, వెండి ఛాయలో మెరుస్తుంది, చివరి నుంచి చివరి వరకు ఒకే తీరున సన్నని చిరచిర శబ్దం వినిపిస్తుంది. కొన్ని రకాల గాజు మీద ఆ శబ్దం దాదాపు వినిపించదు కాబట్టి, శబ్దాన్ని నమ్ముకోమని చెబుతూనే చేతి స్పర్శను కూడా గమనించుకోమని చెప్పాలి.

గీత ఒక అంచున మొదలై మరో అంచున ముగియాలి. మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టకూడదు. గీసిన గీత మీదనే రెండోసారి చక్రం నడపకూడదు, ఎందుకంటే గీత చెడడమే కాకుండా చక్రం కూడా మొద్దుబారుతుంది. గీసిన వెంటనే విరవాలి. గరుకుగా లేదా అలలుగా ఉండే గాజును నున్నని వైపు నుంచే గీయాలి. ఇవన్నీ ఒకేసారి చెప్పకండి. ఒక్కొక్క నియమాన్నీ అది అవసరమైన ముక్క ఎదురైనప్పుడు చెప్పండి. నిలబడి పనిచేయమనడం మాత్రం మొదటే చెప్పాలి, ఎందుకంటే కూర్చున్నవారు మణికట్టు బలంతోనే నొక్కుతారు, నిలబడినవారికి భుజం, నడుము తోడవుతాయి.

క్రమం విషయానికి వస్తే, ముందు తిన్నని గీతలు, తరువాత వెడల్పైన వంపులు, ఆ పైన లోపలికి తిరిగే వంపులు. ఈ చివరిది వచ్చినప్పుడు తొందరపడకండి. లోపలి వంపును ఒక్క దెబ్బలో విరవబోతే గాజు అడ్డంగా చీలిపోతుంది. అసలు వంపును ముందే గీసుకుని, ఆ గుంటలో చంద్రవంకల్లాంటి చిన్న చిన్న గీతలు గీసి, ఒక్కొక్క చంద్రవంకనూ పట్టకారుతో నెమ్మదిగా ఊడదీస్తూ అసలు గీత దాకా రావాలని మీరు చేసి చూపించండి. అలాగే గాజు ఒప్పుకోని ఆకారాలు కూడా ఉన్నాయని అప్పుడే చెప్పండి. లోపలికి తొంభై డిగ్రీల మూల తిరిగిన ముక్కను చేతి కట్టర్‌తో తీయడం అసాధ్యమనే అనుకోవాలి, ఎలాగో గ్రైండర్‌తో అరగదీసి తీసినా ఆ మూల నుంచే తరువాత బీట మొదలవుతుంది. ఈ ఒక్క పాఠం రెండో వారంలో డిజైన్లు గీసేటప్పుడు మీకు ఎంతో శ్రమ తప్పిస్తుంది.

ఇంకొక్క మాట, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది. విద్యార్థి చేతిలోని గాజును మీ చేతిలోకి తీసుకోకండి. గీత వంకర పోతున్నప్పుడు "ఇలా ఇవ్వండి" అని లాక్కుని మనం సరిచేస్తే ఆ ముక్క బాగుపడుతుంది కానీ ఆ మనిషికి ఏమీ రాదు, పైగా ఇది తన వల్ల కాదన్న భావన గట్టిపడుతుంది. మీరు చూపించవలసింది మీ గాజు మీద, మీ బల్ల మీద చూపించండి, తరువాత పక్కకు జరిగి వారిని చేయనివ్వండి. ఈ పద్ధతి సాగాలంటే ఒక్క గురువుకు ఎనిమిది మందికి మించి విద్యార్థులు ఉండకూడదు. నిర్వాహకులు పన్నెండు మందిని చేర్చుకుంటామంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: రాగి రేకు పద్ధతితో మొదలుపెట్టాలా, సీసపు పట్టీతో మొదలుపెట్టాలా? సంప్రదాయం ప్రకారం సీసమే ముందని కొందరు గట్టిగా చెబుతున్నారు.

జవాబు: చరిత్రలో సీసమే ముందు. 12, 13 శతాబ్దాలలో ఫ్రాన్స్‌లోని షార్త్ర్ కెథెడ్రల్‌కు (పెద్ద చర్చికి) చేసిన కిటికీలు కానీ, 1248లో ప్రతిష్ఠ జరిగిన పారిస్ సాంత్ షాపెల్ ప్రార్థనాలయంలోని ఎత్తైన కిటికీలు కానీ సీసపు పట్టీల కూర్పులే. గాజు ముక్క అంచుకు సన్నని రాగి రేకు చుట్టి, రేకును రేకుతో టంకం వేసి అతికే పద్ధతి 19వ శతాబ్దం చివరలో, ముఖ్యంగా అమెరికాలో లూయీ కంఫర్ట్ టిఫనీ కార్ఖానా దీపాల వల్ల ప్రచారంలోకి వచ్చింది. అయితే చరిత్రలోని క్రమం తరగతి గదికి కూడా వర్తించాలన్న నియమం లేదు. నా సలహా రాగి రేకుతో మొదలుపెట్టి, చివరి మూడు వారాలు సీసానికి ఉంచమని.

దీనికి కారణం ప్రధానంగా వేడి. ఈ పనిలో ఎక్కువగా వాడే టంకంలో తగరం అరవై పాళ్లు, సీసం నలభై పాళ్లు ఉంటాయి. అది 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలై, సుమారు 190 డిగ్రీలకల్లా పూర్తిగా ద్రవమవుతుంది. స్వచ్ఛమైన సీసం 327 డిగ్రీల వద్ద కరుగుతుంది. టంకం కరిగించే సోల్డరింగ్ ఐరన్ మొనను మనం సాధారణంగా 370 డిగ్రీలకో, అంతకు కాస్త పైనో ఉంచుతాం. అంటే, రాగి మీద ఐరన్‌ను ఒక్క క్షణం ఎక్కువ ఆనించినా రేకుకు ప్రమాదం లేదు. సీసపు పట్టీ మీద అదే ఆలస్యం జరిగితే టంకంతోపాటు పట్టీ కూడా కరిగి బొక్క పడుతుంది. ఐరన్ కదిలించే వేగం చేతికి రాకముందే సీసం ముందు కూర్చోబెట్టడం విద్యార్థికి అన్యాయం.

రాగి రేకులో కోత తప్పులను కొంత క్షమించే గుణం ఉందని చాలామంది అంటారు. ఇది సగమే నిజం. ముక్కల మధ్య సందులను టంకంతో నింపవచ్చు కానీ, అలా నింపిన గీతలు ఒకచోట లావుగా, మరోచోట సన్నగా ఉండి బొమ్మ గీతనే పాడుచేస్తాయి. మధ్య గోడకు రెండు పక్కలా రెక్కలుండే సీసపు పట్టీ అయితే ఆ రెక్కల కింద గాజు అంచును కప్పుతుంది కాబట్టి చిన్న చిన్న పెచ్చులు కనిపించవు. కానీ ముక్క ఒక మిల్లీమీటరు పెద్దదైతే ఆ తేడా తరువాతి ముక్కకూ, దాని తరువాతి ముక్కకూ చేరుతూ, ఫలకం చివరికి వచ్చేసరికి చట్రంలో ఇమడకుండా పోతుంది. అందుకే నమూనా కాగితం కత్తిరించేటప్పుడు మధ్యలో సన్నని చీలికను తీసేసే మూడు రెక్కల ప్రత్యేక కత్తెర వాడతాం. రాగి రేకుకు ఆ చీలిక సుమారు 0.8 మిల్లీమీటర్లు ఉంటే, సీసపు పట్టీ మధ్య గోడకు చోటు కావాలి కనుక దాదాపు రెట్టింపు ఉంటుంది. ఒకదానికి వాడవలసిన కత్తెరను మరొకదానికి వాడితే నమూనా అంతా తప్పుతుంది కాబట్టి, రెండు కత్తెరల పిడులకూ రెండు రంగుల పట్టీలు చుట్టి ఉంచండి.

ప్రశ్న: నా తరగతిలో ఇద్దరు చిన్న పిల్లల తల్లులు ఉన్నారు. గర్భవతి అయిన మరొకరు చేరతానంటున్నారు. సీసం విషం కదా, భయపడవలసింది ఎంత? కొందరు గురువులు, "మేము ఎన్నో ఏళ్లుగా చేస్తున్నాం, మాకేమీ కాలేదు" అని కొట్టిపారేస్తున్నారు.

జవాబు: ఆ మాటను నేను ఎంతమాత్రమూ సమర్థించను. శరీరానికి హాని చేయదని చెప్పగలిగిన సీసం మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. తల్లి రక్తంలోని సీసం గర్భంలోని శిశువుకు చేరుతుంది. కనుక గర్భవతులను, పాలిచ్చే తల్లులను సీసం వాడే తరగతిలో చేర్చుకోకండి. వారు అడిగితే మర్యాదగా కారణం చెప్పి, సీసం లేని టంకంతో నడిపే తరగతిని సూచించండి. ఆ తరగతి కూడా సీసం పని జరగని గదిలో, శుభ్రమైన బల్లల మీద జరగాలి. అప్పుడైనా వైద్యుల సలహా తీసుకున్నాకే చేరమని చెప్పాలి, ఎందుకంటే ఫ్లక్స్ (టంకం బాగా అతికేందుకు ముందుగా రాసే పదార్థం) పొగ, పటీనా (టంకపు గీతల రంగు మార్చే ద్రవం) రసాయనాలు అక్కడ కూడా ఉంటాయి.

మిగతావారికి భయం కంటే అవగాహన ఎక్కువ మేలు చేస్తుంది. టంకం వేసే వేడిలో సీసం చెప్పుకోదగినంత ఆవిరి కాదు. కంటికి కనిపించే పొగ చాలావరకు ఫ్లక్స్‌ది, అది కళ్లను, గొంతును మండిస్తుంది. సీసం లోపలికి వెళ్లే ప్రధాన మార్గం చేతి నుంచి నోటికి. టంకం తీగను వేళ్లతో పట్టుకుంటాం, సీసపు పట్టీని చేత్తో సాగదీస్తాం, పాత పట్టీల మీది తెల్లని పొడిని తుడుస్తాం, తరువాత అదే చేత్తో కాఫీ గ్లాసు ఎత్తుతాం. ఇక్కడ గొలుసు తెంచాలి. పని గదిలోకి తిండి, నీళ్ల సీసా కూడా రాకూడదు. విరామానికి వెళ్లే ముందు సబ్బుతో చేతులు, గోళ్ల సందులు శుభ్రంగా కడగాలి. పొడి గుడ్డతో, చీపురుతో బల్లలు దులపకూడదు, తడి గుడ్డతోనే తుడవాలి. పని బట్టలను, ఏప్రన్‌ను ఇంట్లోని ఇతర బట్టలతో కలిపి ఉతకకూడదు. చిన్న పిల్లలున్న తల్లిదండ్రులు పని చెప్పులతో ఇంట్లోకి వెళ్లకూడదని ప్రత్యేకంగా చెప్పండి, ఎందుకంటే నేల మీద పాకే పిల్లలకే ముందు ముప్పు.

ఫ్లక్స్ పొగ ముఖానికి రాకుండా లాగి బయటికి పంపే ఫ్యాన్ తప్పనిసరి. టంకపు గీతలను నల్లగానో రాగి రంగులోనో మార్చే పటీనా ద్రవాలలో కాపర్ సల్ఫేట్, సెలీనియం ఆమ్లం వంటివి ఉంటాయి కాబట్టి వాటికి చేతి తొడుగులు ఉండాలి. రెండు రంగుల పొరలున్న గాజు మీద పైపొరను ఆమ్లంతో తినిపించే పద్ధతిని ఎవరైనా చూపించమంటే చూపించకండి. దానికి వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం గుండా ఎముకల దాకా వెళ్లే విషం, అది అభిరుచి తరగతిలో ఉండవలసిన వస్తువు కాదు.

నిత్యం సీసంతో పనిచేసే మీరు ఏటా రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. విద్యార్థులకు ఈ సంగతి చెప్పండి కూడా. మీరు మీ ఆరోగ్యాన్ని ఎంత గంభీరంగా తీసుకుంటున్నారో చూసి వారు చేతులు కడుగుతారు.

ప్రశ్న: అరవై దాటిన ఒక విద్యార్థికి చేతులు కొద్దిగా వణుకుతాయి, దగ్గరి చూపు కూడా తగ్గింది. తాను తరగతికి భారమవుతున్నానని బాధపడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆయనకు కావలసింది దయ కన్నా సరైన పనిముట్లు. పిడి నిలువుగా ఉండే పెన్సిల్ తరహా కట్టర్‌కు బదులు, పిడికిలితో పట్టుకునే పిస్తోలు పిడి కట్టర్ ఇవ్వండి. బలం అరచేతి నుంచి వస్తుంది కనుక వేళ్ల వణుకు గీతలోకి అంతగా దిగదు. తిన్నని గీతలకు అడుగున రబ్బరు అంటించిన లోహపు బద్ద వాడమనండి. విరవడానికి వేళ్ల బలం చాలనివారికి రన్నింగ్ ప్లయర్స్ ఉన్నాయి. వాటి దవడ మధ్యన ఉన్న గుర్తును గీతకు ఎదురుగా పెట్టి మెల్లగా నొక్కితే, గాజు గీత వెంట తనంతట తానే తెరుచుకుంటుంది. చాలా వంపులు కూడా ఇలాగే తీయవచ్చు. బల్లకు బిగించే భూతద్దపు దీపం ఒకటి, నమూనా గీతలను మందంగా గీసి, అవి గాజు కింద నుంచి కనిపించేలా వెలుగు వచ్చే బల్ల ఒకటి ఉంటే చూపు సమస్య చాలావరకు తీరుతుంది. ముదురు గాజు మీద నల్ల గీత కనిపించదు, వెండి లేదా తెల్ల రంగు మార్కర్‌తో గీయమనండి. రాగి రేకు చుట్టేటప్పుడు రేకు రెండు వైపులా సమానంగా వచ్చిందో లేదో కంటికి తెలియకపోతే, గోటితో అంచు తడిమి చూసే పద్ధతి నేర్పండి.

ఆయన మొదటి ఫలకంలో ఎనిమిది, పది ముక్కలకు మించకుండా, ప్రతి ముక్క అరచేయి అంత ఉండేలా డిజైన్ చేయించండి. పెద్ద ముక్కలతో చేసిన పని తేలిక పనిగా కనిపించదు. మంచి గాజు ఎంచుకుంటే దాని అందమే ఎక్కువగా బయటపడుతుంది.

ప్రశ్న: విద్యార్థులు నెమలి, గులాబి, దేవాలయ గోపురం లాంటి క్లిష్టమైన బొమ్మలు తెచ్చి ఇవే చేస్తామంటున్నారు. కాదంటే నొచ్చుకుంటున్నారు. రంగులు ఎంచుకోవడంలో కూడా ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

జవాబు: కాదనకండి. బొమ్మను వారి చేతనే ముక్కలుగా విడగొట్టించండి. ప్రతి గీత దగ్గరా ఒకే ప్రశ్న అడగండి: ఈ ఆకారం గాజులో తెగుతుందా? మొదటి వారంలో లోపలి మూలల గురించి విన్నవారు తామే గులాబి రేకుల మధ్య కొత్త గీత తెచ్చి, మూలను విడగొడతారు. రెండో ప్రశ్న బలానికి సంబంధించినది. ఫలకాన్ని ఒక చివర నుంచి మరో చివరకు తిన్నగా దాటే గీత ఉంటే, అది మడత బందులా అక్కడే వంగుతుంది. ఆ గీతను మధ్యలో మరో ముక్కతో అడ్డగించాలి. ఇలా రెండు మూడుసార్లు దిద్దేసరికి నెమలి ఈకలు యాభై కాస్తా పదిహేనవుతాయి, ఆ నిర్ణయం వారిదే అవుతుంది.

రంగు ఎంపికకు ఒక పూట పూర్తిగా ఇవ్వండి. టిఫనీ కార్ఖానాలో మహిళల గాజు కోత విభాగాన్ని నడిపిన క్లారా డ్రిస్కాల్ రూపొందించిన విస్టేరియా (ఒక పూలతీగ) దీపంలో దాదాపు రెండు వేల ముక్కలున్నాయి. అక్కడ ఒకే గాజు పలకలో ఏ మూల ముక్క ఏ రేకుకు తగునో చూసి ఎంచడం కోత అంత ముఖ్యమైన పనిగా ఉండేది. మీ విద్యార్థులకు కూడా ఆ చూపు అలవాటు చేయండి. గాజును బల్ల మీద పడుకోబెట్టి రంగు ఎంచుకోనివ్వకండి, కిటికీ దగ్గర నిలబెట్టి చూడమనండి, ఒక్కొక్క ముక్క పక్కన మరొకటి పెట్టి చూడమనండి. ముదురు నీలం పక్కన పెట్టిన లేత పసుపు ఒక్కసారిగా ఎంత ముందుకు వస్తుందో కళ్లారా చూశాక, ఉపన్యాసం అక్కర్లేదు. ఉదయపు వెలుతురులో, మేఘం కమ్మిన వెలుతురులో ఒకే గాజు వేరుగా కనిపిస్తుందని చెప్పి, ఆ ఫలకం చివరికి ఏ కిటికీలో ఉండబోతోందో ముందే అడగండి.

ప్రశ్న: చరిత్ర ఎంత చెప్పాలి?

జవాబు: చేతిలో ఉన్న పనిని వివరించేంత చాలు. నీలం గాజు కోస్తున్నవారికి దానిలోని కోబాల్ట్ గురించి, పసుపు ముక్కను చూసి మురిసేవారికి 1300 ప్రాంతంలో వెండి లవణాలను గాజు మీద పూసి బట్టీలో కాల్చి పసుపు రంగు తెప్పించే పద్ధతి యూరప్‌లో వచ్చిన సంగతి గురించి, పాలరంగు గాజు కోస్తున్నవారికి అమెరికన్ చిత్రకారుడు జాన్ లా ఫార్జ్ 1880లో దానిపై పేటెంట్ పొందిన సంగతి గురించి రెండు నిమిషాలు చెబితే గుర్తుంటుంది.

ప్రశ్న: చివరి వారానికి కొందరి టంకపు గీతలు ఎగుడుదిగుడుగా, గడ్డలుగా మిగులుతున్నాయి. ప్రదర్శనలో పెట్టేముందు నేనే ఒకసారి ఐరన్ తిప్పి నున్నగా చేసేస్తే తప్పా?

జవాబు: చేయకండి. గడ్డలకు కారణం ఏమిటో వారి చేతనే కనిపెట్టించండి, ఎందుకంటే కారణాలు కొన్నే. ఫ్లక్స్ ఆరిపోయి ఉంటుంది, లేదా ఐరన్ మొన నల్లబడి వేడి అందించడం లేదు, లేదా ఐరన్‌ను కుంచెలా చిన్న చిన్నగా కొడుతున్నారు. తడి స్పాంజితో మొనను తుడిపించి, కొత్త టంకం కాస్త అంటించి మెరిసేలా చేయించండి. గీతకు మళ్లీ ఫ్లక్స్ రాయించి, ఐరన్‌ను లేపకుండా నెమ్మదిగా ఒకే వైపుకు లాగమనండి. టంకం మొన వెంట ప్రవహించి, ఉబ్బెత్తుగా గుండ్రంగా గడ్డకడుతుంది. ఎక్కువైన టంకాన్ని ముందు కరిగించి తీసేయాలి. ఒకేచోట ఎక్కువసేపు వేడి చేస్తే గాజు చిట్లుతుంది కనుక, రెండు గీతలు చేశాక కాసేపు చల్లారనిచ్చి మరో మూల నుంచి మొదలుపెట్టమనండి. ఈ పనికి గంట పడుతుంది. అందుకే పదో వారాన్ని ప్రదర్శనకు కాకుండా ఇటువంటి దిద్దుబాటుకే వదిలి, ప్రదర్శనను మరో రోజుకు పెట్టుకోమని నిర్వాహకులను ముందే అడగండి.